ఆర్కిటెక్చర్ పాఠాలు చెప్పాలనుంది, దారేది?

ఆర్కిటెక్చర్, ఇంటీరియర్ డిజైన్ కాలేజీల్లో పాఠాలు చెప్పే ఉద్యోగం గురించి, అందులో చేసే పరిశోధన గురించి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలు కలిపేసి ఐదింటికి జవాబు రాస్తున్నాను. అడిగినవాళ్ల పేర్లు ఇవ్వడం లేదు, ఊళ్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న: మేడమ్, ఆర్కిటెక్చర్ డిగ్రీ బి.ఆర్క్ పూర్తిచేసి హైదరాబాద్‌లో ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసులో మూడేళ్లుగా పనిచేస్తున్నాను. పాఠం చెప్పడమంటే నాకు చాలా ఇష్టం. ఇంట్లోవాళ్లేమో "బయట నిలదొక్కుకోలేనివాళ్లే కాలేజీల్లో చేరతారు" అంటున్నారు. ఎం.ఆర్క్ అనే పీజీ చేసి చేరాలా, పీహెచ్‌డీ కూడా అయ్యాకే చేరాలా? జీతం ఎలా ఉంటుంది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు మీ ఇంట్లోవాళ్ల మాట సంగతి చూద్దామమ్మా. అహ్మదాబాద్‌లో 1962లో ఆర్కిటెక్చర్ స్కూల్ మొదలుపెట్టేనాటికి బాలకృష్ణ దోషి చేతినిండా పనున్న ఆర్కిటెక్ట్. ఆ స్కూలే పెరిగి ఇవాళ్టి సెప్ట్ విశ్వవిద్యాలయం అయింది. ఒకపక్క ఇళ్లూ కాలనీలూ కట్టిస్తూనే ఆయన పాఠాలూ చెప్పారు. 2018లో ఆర్కిటెక్చర్‌కి నోబెల్ లాంటి ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్నారు. మన దేశంలో అది అందుకున్న మొదటి ఆర్కిటెక్ట్ ఆయనే. ఈ సంగతి ఇంట్లో చెప్పండి.

అలాగని వాళ్ల మాటను పూర్తిగా కొట్టిపారేయకండి. కట్టుబడి దగ్గర నిలబడనివాళ్లు కట్టుబడి గురించి పాఠం చెప్తే పిల్లలు ఇట్టే పట్టేస్తారు. సెంట్రింగ్ ఊడదీశాక దూలం అడుగున కంకర బయటికి కనిపిస్తోంది, ఇప్పుడేం చేయాలి అని ఒక పిల్ల లేచి అడిగితే, అలాంటి దూలాన్ని కళ్లారా చూసినవాళ్ల జవాబు ఒకలా ఉంటుంది, చదువుకున్నవాళ్ల జవాబు ఇంకోలా ఉంటుంది. మీరు మూడేళ్లుగా సైట్లకి తిరుగుతున్నారు కాబట్టి ఆ భయం మీకు తక్కువే. వీలైతే ఇప్పుడు నడుస్తున్న పనుల్లో ఒక్కటైనా పునాది నుంచి గృహప్రవేశం దాకా మీ కళ్లముందు పూర్తయ్యేవరకు అక్కడే ఉండండి.

చదువు విషయంలో నా సలహా, ముందు ఎం.ఆర్క్ చేయండి. అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి బి.ఆర్క్, ఎం.ఆర్క్ రెండూ అడుగుతారు, ఒక్కదాన్లోనైనా ఫస్ట్ క్లాస్ ఉండాలంటారు. పీజీ ప్రవేశ పరీక్ష గేట్‌లో ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ పేపర్ ఉంది. అందులో అర్హత సాధించి ఎం.ఆర్క్‌లో ఫుల్‌టైమ్ చేరితే నెలకి 12,400 రూపాయల స్కాలర్‌షిప్ వస్తుంది. మీకు దగ్గర్లోనే విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. 2008లో మొదలైంది, 2014 చట్టంతో జాతీయ ప్రాధాన్య సంస్థ అయింది. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. పీహెచ్‌డీకి మాత్రం తొందరపడకండి. రెండు మూడేళ్లు పాఠం చెప్పాక, పిల్లలు అడిగిన ఏదో ఒక ప్రశ్న మిమ్మల్ని వదలకుండా పట్టుకుంటుంది. దానితో వెళ్తే పీహెచ్‌డీ భారంగా ఉండదు. ప్రొఫెసర్ స్థాయికి ఎదగాలంటే మాత్రం చాలాచోట్ల అది అడుగుతారు. ఇంకో మాట, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో మీ రిజిస్ట్రేషన్ రెన్యువల్ తప్పకుండా చూసుకోండి. ఇంటర్వ్యూలో ముందు అదే అడుగుతారు.

యూజీసీ స్కేలు ఇచ్చేచోట అసిస్టెంట్ ప్రొఫెసర్ మొదటి బేసిక్ 57,700 రూపాయలు. దానిమీద డీఏ, ఇంటి అద్దె. ప్రైవేట్ కాలేజీల్లో ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో స్కేలు రాశారా, కన్సాలిడేటెడ్ (అలవెన్సులు లేకుండా ఒకే మొత్తం) అని రాశారా చూసుకుని సంతకం పెట్టండి. మొహమాటపడకండి.

ఇక అసలు పని. మా దగ్గర ముఖ్యమైన క్లాసు స్టూడియో. అందులో లెక్చర్ ఉండదు. పిల్లలు షీట్లు పరుచుకుని కూర్చుంటే మనం ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాలి. నేను వాళ్ల షీటు మీద నా పెన్ను పెట్టను. పైన కింది గీతలు కనిపించే పల్చటి బటర్ పేపర్ పరిచి వాళ్లచేతే గీయిస్తాను. ఒకసారి రెండో సంవత్సరం పిల్లవాడు రెండు బెడ్‌రూముల ఇల్లు గీసుకొచ్చాడు. ఎలివేషన్ ముచ్చటగా ఉంది. "జులైలో ముసురు పట్టినప్పుడు ఈ ఇంట్లో నలుగురి బట్టలు ఎక్కడ ఆరేస్తారు?" అని అడిగాను. బాల్కనీ చూపించాడు. అది మూడడుగులే, పైగా ఏసీ బయటి యూనిట్ అక్కడే పెట్టాడు. కాసేపు ఆలోచించి బాల్కనీని వంటింటి పక్కకి తెచ్చాడు. దాంతో వంటిల్లు జరిగింది, వంటిల్లు జరగడంతో బాత్రూమ్ గొట్టాలు జరిగాయి, సాయంత్రానికి అది వేరే ఇల్లు. నేను ఒక్క గీత కూడా గీయలేదు. ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన గంటలు అవే.

పిల్లల డిజైన్లను అందరిముందూ పరీక్షించే జ్యూరీ గురించి కూడా చెప్పాలి. రెండు రాత్రులు నిద్రలేకుండా మోడల్ అతికించుకుని వచ్చి నిలబడ్డ పిల్లల్ని అందరిముందూ చులకన చేసి మాట్లాడటం గొప్ప అనుకునే అలవాటు మా వృత్తిలో ఇంకా పోలేదు. అది నాకు ససేమిరా ఇష్టం లేదు. లోపం ఎక్కడుందో ప్లాన్ మీద వేలుపెట్టి చూపించవచ్చు, పిల్లల వైపు వేలు చూపించాల్సిన అవసరం లేదు. మీరు చేరితే ఆ అలవాటును మాత్రం నేర్చుకోకండి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఇంటీరియర్ డిజైన్ చదివి, తర్వాత ఆ సబ్జెక్టులోనే లెక్చరర్ అయి పరిశోధన చేస్తానంటోంది. కర్టెన్లు, సోఫాలు ఎంచడంలో పరిశోధించడానికి ఏముంటుందండీ?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ ఇంట్లో టేపు ఉంటే తీసుకుని వంటింట్లోకి వెళ్లండి. మీ ఆవిడగారిని గట్టు దగ్గర నిలబడి మోచెయ్యి వంచమని, నేల నుంచి మోచేతి దాకా ఎంతుందో కొలవండి. ఐదడుగుల మనిషికి సుమారు 37, 38 అంగుళాలు వస్తుంది. నిలబడి కూరలు తరగాలంటే గట్టు మోచేతికన్నా 4 నుంచి 6 అంగుళాలు కిందికి ఉండాలి, అంటే 32, 33 అంగుళాల దగ్గర. చాలా మాడ్యులర్ కిచెన్లలో గట్టు 34 అంగుళాలు, ఇంకా పైన కూడా ఉంటుంది. దానిమీద గ్యాస్ పొయ్యి, పొయ్యిమీద గిన్నె. పదిమందికి ఉప్మా కలియబెట్టేటప్పుడు చెయ్యి భుజం దాకా లేస్తుంది. పొయ్యి ఉండే గట్టు తరిగే గట్టుకన్నా కిందికి ఉండాలని ఎవరూ అనుకోరు. రాత్రి భుజం నొప్పి అంటే వయసు మీద పడిందనుకుంటాం.

1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరపాలక సంస్థ కడుతున్న ఇళ్ల కోసం మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ వంటింటి మీద ఇలాంటి పనే చేశారు. ఏ పనికి ఎన్ని అడుగులు వేయాలి, ఎంతసేపు పడుతుంది అని లెక్కలు కట్టారు. రైళ్లలోని డైనింగ్ కార్ వంటగదిని చూసి కూడా నేర్చుకున్నారు. ఆ లెక్కలతో సుమారు ఆరడుగుల వెడల్పు, పదకొండు అడుగుల పొడవుండే వంటిల్లు తయారైంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అలాంటివి దాదాపు 10,000 అమర్చారు. మనం ఇవాళ కొంటున్న మాడ్యులర్ కిచెన్‌కి మూలం అక్కడుంది. కానీ ఆవిడ లెక్కల్లో తడి గ్రైండర్ లేదు, నేలమీద కూర్చుని కత్తిపీటతో తరిగే అలవాటు లేదు, రోజూ తాలింపు పొగ లేదు. మన వంటింటి లెక్కలు మనవాళ్లే కట్టుకోవాలి. మీ అమ్మాయి అది చేయవచ్చు. మంచాన పడ్డ పెద్దవాళ్ల గది ఎలా ఉండాలి, అంగన్‌వాడీలో పిల్లల ఎత్తుకి అల్మారా ఎలా పెట్టాలి, ఇవన్నీ ఆ సబ్జెక్టులోవే.

కోర్సు గురించి. 'ఆర్కిటెక్ట్' అనే పేరుకి 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం రక్షణ ఉంది. ఇంటీరియర్ డిజైనర్‌కి అలాంటి చట్టం లేదు, కాబట్టి డిగ్రీలు ఒక్కోచోట ఒక్కో పేరుతో ఉంటాయి: బి.డిజైన్, బీఎస్సీ, హోమ్ సైన్స్ కాలేజీల్లో ఒక భాగంగా. సెప్ట్‌లో 1991లోనే దీనికి విడిగా స్కూలు పెట్టారు. అమ్మాయిది ఎంపీసీ కాబట్టి నేనైతే ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష నాటా రాసి ఐదేళ్ల బి.ఆర్క్ చేయమంటాను. పీజీలో ఇంటీరియర్ తీసుకుంటే రెండు రకాల కాలేజీల్లోనూ పాఠం చెప్పే వీలుంటుంది. లేదు, ఇంటీరియరే కావాలంటే నేరుగా అందులోనే చేర్చండి, తప్పేం లేదు. కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు కంప్యూటర్ ల్యాబ్ ఎటూ చూపిస్తారు, వడ్రంగి పనిముట్లున్న వర్క్‌షాప్ చూపించమని మీరే అడగండి. పిల్లలు రంపం పట్టే చోటు లేకపోతే ఆ కాలేజీ వద్దు.

ప్రశ్న: ప్రైవేట్ ఆర్కిటెక్చర్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. వారానికి స్టూడియోలు, థియరీ క్లాసులు, అడ్మిషన్ల డ్యూటీ, అక్రెడిటేషన్ ఫైళ్లు. వీటి మధ్య ఏడాదికి రెండు పేపర్లు వేయాలంటున్నారు. డబ్బు కడితే వారంలో వేసే జర్నల్స్ ఉన్నాయని తోటివాళ్లు చెప్తున్నారు. నాకు మనసొప్పడం లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మా ఊళ్లో, మా కాలేజీ వసతులతో నిజమైన పరిశోధన ఏం చేయగలను?
– ఒక అధ్యాపకుడు, విజయవాడ

జవాబు: మీకు మనసొప్పకపోవడం మంచి లక్షణం, దాన్ని అలాగే కాపాడుకోండి. ఆ జర్నల్స్ జోలికి వెళ్లకండి. పదేళ్ల తర్వాత ఎక్కడో ఇంటర్వ్యూలో ఆ పేపర్ ముందు పెట్టి ఒక్క ప్రశ్న వేస్తే ఏం చెప్తారు?

మాధవి ఇంద్రగంటి గారి పని చదివారా? తెలుగువాళ్లు, ఆర్కిటెక్టు, తర్వాత ఖతార్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. 2008 మే నుంచి జులై దాకా హైదరాబాద్‌లో ఏసీల మీద కాక కిటికీలూ ఫ్యాన్ల మీద ఆధారపడే అపార్ట్‌మెంట్లలో వందమందికి పైగా మనుషులను వాళ్ల ఇళ్లలోనే కలిసి, గదిలో వేడి ఎంతుందో కొలిచి, అదే నిమిషంలో వాళ్లకి ఎలా అనిపిస్తోందో అడిగి రాసుకున్నారు. మొత్తం 3,962 నమోదులు. వాళ్లకి హాయిగా అనిపించిన ఉష్ణోగ్రత 29.2 డిగ్రీల దగ్గర తేలింది, 26 నుంచి 32.5 దాకా సర్దుకోగలిగారు. అప్పటి మన జాతీయ ప్రమాణాలు చెప్పింది 23 నుంచి 26. ఈ తేడా ఎంత పెద్దదో ఒక్కసారి ఆలోచించండి. ప్రమాణం ప్రకారం వెళ్తే ప్రతి గదికీ ఏసీ పెట్టాలి. మనుషుల మాట ప్రకారం వెళ్తే మంచి కిటికీ, తిరిగే ఫ్యాన్, నీడ ఉన్న గోడ చాలా రోజులు సరిపోతాయి. ఈ సంగతి తేలడానికి ఆవిడ మండుటెండల్లో మెట్లెక్కి, తలుపు తట్టి, ముక్కూమొహం తెలియనివాళ్ల ఇంట్లో కూర్చుని అడగాల్సి వచ్చింది. పరిశోధన అంటే నాకు గుర్తొచ్చేది ఆ మెట్లే.

మీ విజయవాడ ఎండ గురించి నేను చెప్పాలా? ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ ఒకటి చూసుకోండి. పై అంతస్తులో ఒక ఫ్లాటు, సరిగ్గా దాని కింద మూడో అంతస్తులో ఒకటి. రెండూ ఒకే దిక్కుకి ఉండాలి, ఒకే ప్లాన్ ఉండాలి. తేడా ఒక్క పైకప్పుదే కావాలి. రెండింట్లోనూ పడకగదిలో మంచం ఎత్తున రెండు థర్మామీటర్లు వేలాడదీయండి. ఒకటి మామూలుది. రెండోది నల్లరంగు పూసిన టేబుల్ టెన్నిస్ బంతిలోకి మొన పోనిచ్చినది. బజార్లో దొరికే పెద్ద గ్లోబ్ థర్మామీటర్ ఖరీదెక్కువ, ఈ 40 మిల్లీమీటర్ల బంతి ఆ పని చేస్తుంది, పరిశోధకులు దీన్ని చాలాకాలంగా వాడుతున్నారు. మామూలుది గాలి వేడి చెప్తుంది. బంతి అంతకన్నా ఎక్కువ చూపిస్తే ఆ తేడా గోడలూ స్లాబూ వెదజల్లే సెగ. పై ఫ్లాట్‌లో రాత్రి తొమ్మిదింటికి కూడా ఆ తేడా కనిపిస్తే, పగలంతా ఎండ తాగిన స్లాబ్ ఆ సెగను అప్పుడు కిందికి వదులుతోందన్నమాట. గంటగంటకీ రాసుకునే ఓపిక లేకపోతే వేడిని వాటంతటవే నమోదు చేసే డేటా లాగర్లు కొనమని కాలేజీని అడగండి, నాలుగు చాలు. ఇంట్లోవాళ్లని 'బాగా వేడి' నుంచి 'బాగా చలి' దాకా ఏడు మెట్ల స్కేలు మీద అడగండి. ఫ్యాన్ ఎప్పుడు వేశారు, కిటికీ ఎందుకు మూశారు కూడా రాయండి. దోమలకి మూశారా, ఎదురింటివాళ్లు చూస్తారని మూశారా? కిటికీ గీసేవాళ్లకి ఆ కారణం తెలియాలి.

మరుసటి వేసవిలో ఆ ఇంటివాళ్లు ఒప్పుకుంటే పైకప్పుకి ఎండను తిప్పికొట్టే తెల్ల కూల్ రూఫ్ రంగు వేయించి మళ్లీ కొలవండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. మీ ఊళ్లో మీ కొలతలు ఉంటే మున్సిపాలిటీవాళ్లతో మాట్లాడటానికి చేతిలో ఒక ఆధారం ఉంటుంది. పనిని మీ క్లైమటాలజీ క్లాసులో భాగం చేయండి. పిల్లలకి మార్కులు, మీకు కొలతలు. పేపర్‌లో ఆ పిల్లల పేర్లు తప్పకుండా వేయండి. ఏడాదికి రెండు పేపర్లు రావు. రెండేళ్లకి ఒకటి వస్తుంది. యాజమాన్యానికి ముందే చెప్పండి, రాతపూర్వకంగా.

నిద్ర పట్టకపోవడం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఇలాగే కొనసాగితే డాక్టర్‌కి చూపించుకోండి.

ప్రశ్న: పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు బి.ఆర్క్ నాలుగో సంవత్సరం. జ్యూరీలో ఇంగ్లీషులో తడబడతాను. నాలాంటివాడు లెక్చరర్ కాగలడా?
– ఒక విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: కాగలవు నాయనా. ఇంగ్లీషు నేర్చుకోవాలి, ఎందుకంటే చదవాల్సినవి ఎక్కువగా అందులోనే ఉన్నాయి. రోజూ ఒక పేజీ బయటికి చదువు, ఒక పేరా రాయి, మీ సార్‌కి చూపించు. ఏడాదిలో నోరు తిరుగుతుంది. మేస్త్రీతో, వడ్రంగితో, ఇల్లు కట్టించుకునే అమ్మమ్మతో మాట్లాడే భాష నీకు ముందే వచ్చు. అది రాక సైటులో బిక్కమొహం వేసే పిల్లలను నేను ఏటా చూస్తున్నాను. నీ థీసిస్‌కి మీ ఉత్తరాంధ్ర చుట్టిళ్లు ఎందుకు తీసుకోకూడదు? గుండ్రటి గోడ, కిందికంటా దిగిన కప్పు తుఫాను గాలిని ఎలా తప్పిస్తాయో గీసి చూపించు. చెన్నై దగ్గర ముట్టుకాడులో దక్షిణచిత్ర అనే మ్యూజియం ఉంది. అక్కడ పాత ఇళ్లను ఊళ్లనుంచి తెచ్చి నిలబెట్టారు, ఉత్తరాంధ్ర చుట్టిల్లు కూడా ఉంది. వెళ్లి చూసిరా.

ప్రశ్న: అమ్మా, మాది కోనసీమ. తాతగారి నాటి మండువా లోగిలి. పిల్లలు బెంగళూరులో ఒకరు, అమెరికాలో ఒకరు. రెండేళ్ల వానలకి ఒకపక్క దూలం కుంగింది. బాగుచేయించే స్తోమత నాకు లేదు. వచ్చే వేసవిలో దించేద్దామని అందరం అనుకున్నాం. ఆర్కిటెక్చర్ చదివే పిల్లలకి ఈ ఇల్లు ఏమైనా పనికొస్తుందా?
– ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. దించవద్దని చెప్పే హక్కు నాకు లేదు. ఆ దూలం కింద రోజూ పడుకునేది మీరు. కానీ దించేముందు పిల్లలను తప్పకుండా రానివ్వండి.

బి.ఆర్క్‌లో మెజర్డ్ డ్రాయింగ్ అని ఉంటుంది. ఉన్న కట్టడాన్ని అంగుళం అంగుళం కొలిచి కాగితం మీదికి ఎక్కించడం. దేశమంతటి ఆర్కిటెక్చర్ విద్యార్థుల సంఘం నాసా పోటీల్లో లూయీ కాన్ ట్రోఫీ ఇచ్చేది ఇలాంటి డాక్యుమెంటేషన్‌కే. మీ ఇంటికి ఒక బ్యాచ్ వస్తే ఏం చేస్తారో చెప్తాను. ముందు నీళ్లు నింపిన లెవెల్ ట్యూబ్ పట్టుకుని ఇల్లంతా తిరిగి గోడల మీద ఒకే మట్టానికి గుర్తులు పెడతారు, ఎత్తులన్నీ అక్కడినుంచే. ఆ తర్వాత ప్రతి గదికీ పొడవు, వెడల్పుతో పాటు ఐమూల (ఒక మూల నుంచి ఎదురు మూలకి) కూడా కొలుస్తారు. పాత ఇళ్లలో గదులు కచ్చితంగా మూలమట్టానికి ఉండవు, ఐమూల కొలవకపోతే ప్లాన్ కాగితం మీద మూసుకోదు. స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం, చూరు ఎత్తు, కప్పు వాలు, మండువా గుంట లోతు, వాననీళ్లు ఏ తూము గుండా పెరట్లోకి పోతాయి, ఇవన్నీ. అన్నిటికన్నా విలువైనది మండువా మధ్యగా కోసినట్టు గీసే సెక్షన్. వేడిగాలి నడిమింటి పైనుంచి ఎలా పోతుందో, వాలుకప్పు నాలుగు వైపులా నీడ ఎంతమేర పరుస్తుందో అందులో తెలిసిపోతుంది. ఈ పాఠం నేను బోర్డు మీద ఎంత గీసినా, మీ చావట్లో మిట్టమధ్యాహ్నం పదినిమిషాలు కూర్చున్నంతగా ఎక్కదు.

మీరు చేయాల్సినదీ ఒకటుంది. ఆ పిల్లల పక్కన కూర్చుని చెప్పండి. ఎవరెవరు ఏ గదిలో పడుకునేవారు, వేసవిలో మంచాలు ఎక్కడికి మారేవి, గాదె ఎక్కడుండేది, పురిటి గది ఏది, వాన కురుస్తుంటే ఈ వైపు నుంచి ఆ వైపుకి ఎలా వెళ్లేవారు. తెలుగు మాస్టారు కదా, వాసాలకీ దంతెలకీ కమ్ములకీ మీ ఊరి పేర్లు చెప్పి ప్లాన్ మీద రాయించండి. మీ ఊళ్లో పాతకాలపు వడ్రంగి ఎవరైనా ఉంటే ఆ రోజు పిలిపించండి. స్తంభం మీద దూలం కూర్చునే అతుకు ఆయన విప్పి చూపిస్తే పిల్లలు ఒక్కో ముక్కా గీసుకుంటారు.

కలప అమ్మేటప్పుడు కూడా ఒక జాగ్రత్త తీసుకోండి. ముక్కలుగా కోయించకండి. స్తంభాలకీ దూలాలకీ వాసాలకీ దించేముందే సుద్దతో నంబర్లు వేయించి, అవే నంబర్లు ప్లాన్ మీదా వేయించండి. అలా ఉంటే మొత్తం చట్రాన్ని ఇంకోచోట నిలబెట్టే వీలు మిగులుతుంది, కొనేవాళ్లూ మంచి ధర ఇస్తారు.

మీకు దగ్గరగా విజయవాడలోనూ విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ ఆర్కిటెక్చర్ విభాగాలున్నాయి. రెండు చోట్లకీ విభాగాధిపతి పేరున ఒక ఉత్తరం రాయండి. ఇంటి ఫొటోలు నాలుగు, ఎప్పుడు దించాలనుకుంటున్నారో తేదీ, పిల్లలు రాత్రి ఉండటానికి ఊళ్లో చోటుందా లేదా, ఇవి చాలు. డిసెంబరు సెమిస్టర్ మొదలవక ముందే వాళ్ల చేతికి అందితే టైమ్‌టేబుల్‌లో పెట్టుకోగలుగుతారు. వాళ్లు గీసిన షీట్ల కాపీ ఒకటి మీకూ, అమెరికాలో ఉన్న అబ్బాయికీ పంపాలని ఆ ఉత్తరంలోనే రాయండి.